కోత

చిలోయే దీవిలో, చోన్చి రేవు పక్కన
సాల్మన్ చేపల ఫ్యాక్టరీ మాది.
రాత్రి పదికి ఎక్కి పొద్దున ఆరుకి దిగే షిఫ్టు,
నూట నలభై రెండు మంది.
వాళ్ళ హాజరు రాసేవాణ్ణి నేను, ఆబ్దోన్ మిల్యాలోంకో.
కత్తి పట్టను. పెన్ను పడతాను.

ఏటా మార్చి నెలాఖరున
హెడ్డాఫీసు నుంచి ఒక పోస్టరు వస్తుంది.
నవ్వుతున్న డాక్టరు, కింద ఎర్రక్షరాలు:
ఫ్లూ టీకా ఉచితం, మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో.
చేతులు కడిగే తొట్టి పైన నేనే అంటిస్తాను.
ఆవిరికి అంచులు లేచి లేచి
మే నెలకల్లా డాక్టరు నోరు ఊడిపోతుంది.
నిరుడు వేయించుకున్నది తొమ్మిది మంది.
"ఎంత చెప్పినా వినరు వీళ్ళు" అని రిపోర్టు రాశాను.
దస్తూరీ బాగుంటుంది నాది.

జూలైలో దగ్గు వచ్చి
బల్ల నుంచి బల్లకి, కత్తికీ కత్తికీ మధ్య నడిచింది.
నాలుగో లైను ఆరు రాత్రులు ఆగిపోయింది.
ఓతిలియా చిగ్వాయ్‌కి నెమ్ము చేరి
కాస్త్రో ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులుంది.
తిరిగొచ్చాక కత్తి పట్టే సత్తువ లేక
నేల కడిగే పనిలోకి మారింది.
ఆ మార్పు కూడా నేనే రాశాను.

ఈ ఏడు యాస్నా అనే నర్సు వచ్చింది.
పోస్టరు వైపు చూడలేదు, గడియారం వైపు చూసింది.
"ఆరోగ్య కేంద్రం తెరిచేదెప్పుడు?"
ఎనిమిదికి.
"మూసేది?"
అయిదుకి.
"మరి వీళ్ళు నిద్రపోయేది?"
లెక్కల మనిషిని నేను.
ఆ లెక్క ఎన్నడూ వెయ్యలేదు.

మంగళవారం రాత్రి, మూడున్నర,
టీ వేళకి తూకం బల్ల మీద నీలం పెట్టె దిగింది.
మా ఐసు ఇస్తానంటే
"చేపల ఐసు వద్దు, నాది నేను తెచ్చుకున్నా" అంది.
రబ్బరు ఏప్రను, కింద స్వెట్టరు,
దాని కింద ఇంకో స్వెట్టరు,
ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలిస్తే
ఆఖరికి ఒక భుజం,
చలికి మొద్దుబారి, సూది దిగినా తెలియని భుజం.
"అయిపోయిందా?" అన్నవాళ్ళే అందరూ.

ఎర్సిరా నవెల్కిన్ తన వంతొచ్చాక
యాస్నాని చూడలేదు. నన్ను చూసింది.
ముప్పై ఒక్క ఏళ్ళ చెయ్యి ఆమెది,
ఒక్క గీతలో చేపని వెన్నుదాకా విప్పుతుంది.
"నిరుడు సూది వేయించుకుని, ఒళ్ళు వెచ్చబడి,
ఒక్క రాత్రి రాలేదు నేను.
ఆ రాత్రి జీతం కోసిందెవరు, ఆబ్దోన్?"

ఎవరూ టీ తాగడం లేదు.

కోత.
మా దగ్గర అందరి పనీ అదే కదా.
వాళ్ళు మొప్పల కింద,
నేను కుడివైపు ఆఖరి గడిలో.
నెత్తురు రాదు గనక
చేతులు కడుక్కునే పని లేదనుకున్నాను.
ఆమె జీతం తెగిన మాట
నా పోస్టరు కంటే ముందే
బల్లబల్లకీ చేరిపోయిందన్నమాట.

"రేపు జ్వరమొస్తే?"
యాస్నా ఏదో చెప్పబోయింది,
చెయ్యి సలుపుతుంది, ఒకరోజు, అదీ అందరికీ కాదు...
"నిన్ను కాదమ్మా. ఆ పుస్తకాన్ని అడుగుతున్నా."

మేనేజరు ప్వెర్తో మోంత్‌లో నిద్రలో ఉన్నాడు.
లేపితే ఏమంటాడో తెలుసు.
లేపలేదు.
రాశాను:
"టీకా వేయించుకున్నవాళ్ళు మర్నాటి రాత్రి
రాకపోయినా వచ్చినట్టే."
ఎర్సిరా కళ్ళద్దాల మీది పొలుసు తుడుచుకుని
రెండుసార్లు చదివింది.
"తేదీ వెయ్యి" అంది.
వేశాను.
అప్పుడు జబ్బ చాపింది.

ఆ రాత్రికి తొంభై ఏడు.
ఎలెఉతేరియో రాలేదు.
"సూదంటే భయం లేదు,
నీ సంతకం మీదే గురి లేదు" అని
టీ కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.
కాదనడానికి నా దగ్గర ఏముంది?
గురువారం మళ్ళీ వస్తానంది యాస్నా.

వెళ్ళేటప్పుడు ఓతిలియా
పొగబెట్టిన ఆల్చిప్పల దండ తెచ్చి
ఖాళీ అయిన నీలం పెట్టెలో పెట్టబోతే
"అయ్యో, ఇందులో కాదు" అని లాక్కుని
ఒళ్ళో పెట్టుకుని జీపెక్కింది.

అందరికంటే చివర వేయించుకున్నది నేను.
హీటరు పక్కన కూర్చునే భుజం గదా,
నొప్పి తెలిసింది.

ఎనిమిదికి ఫోను మోగింది, ప్వెర్తో మోంత్ నుంచి.
ఎడమ చేత్తో ఎత్తబోయి, సలిపి,
కుడి చేత్తో ఎత్తాను.